ఇరవై ఏడో సంతకం

పద్మారావు నగర్, సికింద్రాబాద్
6 నవంబర్ 2024

ఖమరూ,

నీ చెవులు ఫోనుకి రాజీనామా ఇచ్చాయని మీ యూసుఫ్ చెప్పిన దగ్గర్నుంచి, అయ్యో అనుకోవలసింది పోయి లోపల్లోపల సంతోషిస్తున్నాను. ఇరవై ఆరేళ్ళు ఒకే స్టాఫ్‌రూములో ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చున్నవాళ్ళం. నువ్వు లెక్కలు, నేను వృక్షశాస్త్రం. నువ్వు కొడుకు దగ్గరికి జగిత్యాల వెళ్ళాక ఫోనులో "తిన్నావా, పడుకున్నావా" తప్ప మనం మాట్లాడుకున్నదేముంది? ఇకనైనా పూర్తి వాక్యాలు రాసుకుందాం.

ఇక్కడి సంగతి. నా ఎడమకాలి బొటనవేలి కింద పుండు పడింది. కొత్త చెప్పు కరిచింది, షుగరు దానికి వసతి కల్పించింది. సోమ, బుధ, శుక్రవారాల్లో నర్సు వచ్చి కట్టు మార్చాలన్నాడు డాక్టరు. మా రఘునాథ్, కోడలు రాధిక ఎనిమిదింటికల్లా ఆఫీసులకి వెళ్ళిపోతారు కనుక, ఇంటికొచ్చి చూసే ఏజెన్సీతో మాట్లాడారు. మీ అమ్మాయి నిఖత్ అందులోనే నర్సని తెలిసి, పట్టుబట్టి ఆమెనే వేయించుకున్నాను. ఎనిమిదో తరగతిలో నా బల్ల దగ్గర మందారం కోసి చేతులన్నీ పుప్పొడి చేసుకున్న పిల్ల, ఇప్పుడు తొడుగులు వేసుకుని నా కాలు పట్టుకుంది. "పెద్దమ్మా, కదిలినవంటే మార్కులు కట్ చేస్త" అంటుంది. నా మాటే నాకు అప్పజెబుతోంది.

పగలంతా ఉండడానికి దేవకృప అనే కేర్‌టేకర్‌ని పంపారు. పాతికేళ్ళుంటాయి. కాప్రా నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. స్నానం, భోజనం, నన్ను నడిపించడం ఆమె పని. నర్సు రాలేని రోజు అక్కరకొస్తుందని నిఖత్ ఆమెకి కట్టు మార్చడం నేర్పింది. నేర్పి ఒక మాట అంది, నాకు భలే నచ్చింది: "చూడు కృపా, కట్టు కట్టుడు నీకు అప్పజెప్పొచ్చు. పుండు ఎట్లుందో చూసుడు అప్పజెప్పరాదు. అది నర్సు పని. సమజైందా?"

నేను ఊరుకుంటానా. నేనూ ఒకటి నేర్పాను. స్పిరిటుతో తుడిచిన ప్లాస్టిక్ కాగితం పుండు మీద ఆనించి, అంచు వెంట గీత గీసి, దాన్ని గ్రాఫు నోటుబుక్కు మీద పెట్టి గళ్ళు లెక్కపెట్టడం. మన పిల్లలచేత ఆకు వైశాల్యం కొలిపించేదాన్ని కదా, అదే. సగానికి మించితే ఒక గడి, తక్కువైతే సున్నా. దేవకృప రెండో రోజుకే నేర్చుకుని తేదీ వేసి రాసింది. నిన్నటికి పదహారు గళ్ళు. నా పాదంలో ఒక చిన్న తులసాకు ఉందన్నమాట.

నీ
వీర

—

జగిత్యాల
18 నవంబర్ 2024

వీరక్కకు ఖమర్ సలాం.

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. యూసుఫ్ పిల్లలు "దాదీకి లవ్ లెటర్ వచ్చింది" అని ఇల్లంత తిరిగిన్రు. వచ్చిందనే చెప్పిన.

అక్కా, ఒక సంగతి నీకొక్కదానికే చెప్తున్న. రఘునాథ్‌కు సుత చెప్పకు. నిఖత్‌కు మూడో నెల. పెళ్ళయిన ఎనిమిదేండ్లకు. పోయినేడు ఒకటి నిలవలేదు, అప్పుడు నీకు రాయడానికి చెయ్యి రాలే. ఈసారి డాక్టరమ్మ మెట్లెక్కొద్దన్నది. మీదేమో రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఆ సంగతి చెప్తే ఏజెన్సీ వాళ్ళు వేరే నర్సును వేసి దీన్ని పక్కకు పెడ్తరు.

కట్టు మార్చుడు ఆ పిల్లకు వచ్చింది అన్నవు కద. ఆమెతోనే చేయించుకో. నిఖత్ ఫోన్ల ఫోటో చూస్తది. సోమవారం ఆటోల వచ్చి కింద ఆగి విజిట్ షీటు పైకి పంపుతది. వారానికి మూడు సంతకాలు, నర్సు వచ్చిందని. అంతే. నిఖత్‌ను మాత్రం ఏమీ అడగకు. నీకు చెప్పిన్నని తెలిస్తే ఏడుస్తది, దిష్టి పెడ్తున్నవని నాతోని కొట్లాడుతది.

ఇన్నేండ్లల్ల నిన్ను నేను ఏదీ అడగలే. జెర ఆలోచించు.

నీ ఖమర్

—

పద్మారావు నగర్
10 డిసెంబర్ 2024

అమ్మమ్మ కాబోతున్న ఖమరుకి,

ఆలోచించడానికేముంది. సంతకాలు పెట్టేస్తున్నాను.

కల్పలత టీచరు గుర్తుందా? శనివారం సంతకం శుక్రవారమే హాజరు పట్టీలో పెట్టిందని, హెడ్మిస్ట్రెస్ అయిన కొత్తలో నేను మెమో ఇచ్చాను. ఆమె ఏడ్చింది. నువ్వు నన్ను రాతిగుండె అన్నావు, రెండు రోజులు నా అన్నం డబ్బాలో చెయ్యి పెట్టలేదు. ఆ వీరరాఘవమ్మే ఇప్పుడు సోమవారం పొద్దున్నే బుధ, శుక్రవారాల సంతకాలు కూడా గీకేస్తోంది. కల్పలత ఎక్కడుందోగాని ఆమె ఆత్మ శాంతించాలి. బతికే ఉందంటావా? అయితే మరీ మంచిది.

నిన్న బాల్కనీలోంచి చూశాను. నిఖత్ ఆటో దిగి, పైకి చెయ్యి ఊపింది. దుపట్టా నిండుగా కప్పుకుంది. నడకలో కాస్త బరువు తెలుస్తోంది. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల బడిలో చేసినదాన్ని, నా కంటికి తెలియకపోతుందా.

దేవకృప మాత్రం షీటు పట్టుకుని నిలబడి, "సిస్టర్ రాకుండనే వచ్చినట్టు రాస్తే ఎట్ల అమ్మమ్మా" అంది. "అది పెద్దవాళ్ళ సంగతి, నువ్వు కట్టు చూడు" అన్నాను. షీటు నా చేతిలో పెట్టి దూది తీసుకుంది. మంచి పిల్ల.

పసుపుపచ్చ ఊలు తెప్పించాను. నా మనవలకి కూడా నేను స్వెట్టరు అల్లలేదని రాధిక దెప్పుతోంది. ఎవరికని అడిగితే చెప్పలేదు, నీకిచ్చిన మాట.

పుండు పద్నాలుగు గళ్ళు. తగ్గుతోంది.

వీర

—

జగిత్యాల
22 డిసెంబర్ 2024

వీరక్కా,

నీ ఋణం తీరేది కాదు. స్వెట్టరు మాత్రం వద్దు. మా దిక్కు పుట్టకముందు బట్టలు సిద్ధం చెయ్యరు. అల్లింది విప్పెయ్యి, లేకుంటే నీ దగ్గరనే పెట్టు.

ఇక్కడ చలి. నా మోకాళ్ళు షురూ చేసినయ్. ఎక్కువ రాయలేను.

ఖమర్

—

పద్మారావు నగర్
8 జనవరి 2025

ఖమరూ,

స్వెట్టరు పూర్తయింది, నిన్ననే నీ పేరున పోస్టు చేశాను. పుట్టేదాకా నీ బీరువాలో పెట్టు. నా బీరువాలో ఉంటే రాధిక కనిపెడుతుంది. మెడ కాస్త వదులుగా వచ్చింది. మీ వంశంలో తలలు పెద్దవి కదా, ఇబ్బంది ఉండదు.

గళ్ళ సంగతి బాగాలేదు. క్రిస్మస్ ముందు పదిహేనుంది. పండగనాడు దేవకృప రాలేదు, నోటుబుక్కులో నిజాయితీగా రాసింది: "25. క్రిస్మస్. నేను రాలేదు. కట్టు మార్చలేదు." మర్నాడు విప్పితే పద్దెనిమిది. మొన్న సోమవారం ఇరవై ఒకటి.

"అమ్మమ్మా, ఇది మంచిగ లేదు. వాసన సుత వస్తుంది. పెద్దాసుపత్రికి పోదాం" అంది. నిఖత్‌కి ఫోటో పంపించమన్నాను. స్పీకరు పెట్టింది, నేను విన్నాను. "చూసిన. పొడి చల్లి కట్టెయ్. పెద్దమ్మను ఊకె పరేషాన్ చెయ్యకు."

దేవకృప ఫోను పెట్టేసి నా మొహం చూసింది. నిఖత్ చెప్పింది కదా, ఆగుదాం అన్నాను. ఐదో నెల మనిషిని ఎన్నిసార్లు కదపను? ఒకసారి నీ చేత్తో ఆమెకి చెప్పు. ఒక్కసారి, కుర్చీలో మోయించైనా సరే, పైకి వచ్చి చూసి వెళ్ళమను.

వీర

—

పద్మారావు నగర్
2 ఫిబ్రవరి 2025

ఖమర్ బీ,

నా ఉత్తరానికి జవాబు రాలేదు. ఆలోపు జరిగినవి రాస్తున్నాను.

నా ఎడమకాలికి ఇప్పుడు మూడు వేళ్ళు. లెక్కల టీచరువి, నీకు వివరించక్కర్లేదు.

జనవరి 22 పొద్దున్నే నాకు చలిజ్వరం వచ్చింది. దేవకృప కట్టు విప్పింది. వేలు నల్లబడి ఉంది. నిఖత్‌కి ఆరుసార్లు ఫోను చేసింది, ఎత్తలేదు. ఏడోసారి ప్రయత్నించలేదు. వాచ్‌మన్‌ని పిలిచి, నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరూ కలిసి రెండంతస్తులూ దింపారు. ఆటోలోంచి రఘునాథ్‌కి చెప్పింది. శుక్రవారం, 24న, ఆపరేషను. ఇంకో రెండు రోజులాగితే చీలమండ దాకా పోయేదన్నాడు డాక్టరు. అంటే, దేవకృప ఎవర్నీ అడక్కుండా తీసుకెళ్ళబట్టి నాకు పాదం మిగిలింది.

ఎవర్నీ అడక్కుండా తీసుకెళ్ళినందుకే ఆమె ఉద్యోగం పోయింది. ఏజెన్సీ మేనేజరు సత్యదేవ్ ఆసుపత్రికి యాపిల్స్ పట్టుకొచ్చాడట. నిఖత్ రాసిచ్చిన కాగితం తెచ్చాడట. తను అన్నిరోజులూ వచ్చి చూసిందనీ, పుండు శుభ్రంగా ఉందనీ, కేర్‌టేకర్ తన అనుమతి లేకుండా కట్టు విప్పి చెడగొట్టిందనీ, చెప్పకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళిందనీ. సాక్ష్యం నా సంతకాలు. దేవకృపని అక్కడికక్కడే తీసేశాడు. మిగతా ఏజెన్సీలకి కూడా ఆమె పేరు పంపారట, ఎవరూ పని ఇవ్వకుండా. నేను మందుల మత్తులో ఉన్నాను, నాకేం తెలియదు.

తెలిశాక కూడా నోరు మెదపలేదు. ఎందుకో నీకు తెలుసు. గ్రాఫు నోటుబుక్కు పరుపు కింద పెట్టుకుని పడుకున్నాను.

ఇవాళ ఆదివారం. చర్చి నుంచి అటే దేవకృప నన్ను చూడడానికి వచ్చింది. పని పోయిన మనిషి నాకు కమలాపళ్ళు తెచ్చింది. "కొంచెం ఓర్చుకోవే, నిఖత్ ఒట్టి మనిషి కాదు" అన్నాను. కిటికీలో మిగిలిన పసుపు ఊలుండ కేసి చాలాసేపు చూసింది.

"అమ్మమ్మా, ఏ.ఎస్. రావు నగర్‌ల జర్మన్ నేర్పే క్లాసున్నది. మా చెల్లె అండ్ల ఊడుస్తది. సిస్టర్ సోమ, బుధ, శుక్ర అక్కడికే వస్తది. మూడో అంతస్తు. లిఫ్టు లేదు. ఆలస్యమైతే ఉరుక్కుంట ఎక్కుతదంట."

"కడుపుతో ఉన్న మనిషి..."

"పొద్దుమూకి కింద చాయ్ బండి దగ్గర క్లాసు పిల్లలతోని నవ్వుకుంట నిలబడంగ నేను సుత చూసిన. కడుపేం లేదు అమ్మమ్మా."

"మరి నాకు ముందే చెప్పొద్దూ?"

"సిస్టర్ బిడ్డకే అని మీరు అల్లుతున్నరు కద" అంది. "ఎట్ల చెప్పాలె?"

ఒక్క ప్రశ్న. ఈ అబద్ధం నిఖత్ నీకు చెప్పిందా, నువ్వు నాకు చెప్పావా? ఒక్క వాక్యం రాయి, చాలు.

వీరరాఘవమ్మ

—

జగిత్యాల
9 ఫిబ్రవరి 2025

అక్కా,

ఒక్క వాక్యం అడిగినవు. నేనే చెప్పిన.

నిఖత్‌కు కడుపని నేను నీకు రాసినట్టు దానికి మొన్నటిదాక తెలియదు. అమ్మా, పెద్దమ్మను ఒప్పియ్యి అన్నది, ఎట్లనో నాకు వదిలేసింది. జర్మనీల నర్సులను తీసుకుంటున్నరు. ఈ క్లాసు కోసం గాజులమ్మినం. ఉన్న మాట చెప్తే నువ్వు ఒప్పుకోవు. రూలు రూలే అంటవు. నీకు జాలి పుట్టాలంటే ఏం చెప్పాలెనో ఇరవై ఆరేండ్ల సంది నాకు తెలుసు. అదే చెప్పిన. పోయినేడు ఒకటి పోయింది నిజం. అల్లా సాక్షి. ఆ ఒక్కటి నిజం.

స్వెట్టరు వచ్చిన్నాడు నేను అన్నం తినలే.

ఇప్పుడు నా మాట విను. మార్చి మూడున దాని పరీక్ష. ఏజెన్సీ అనుభవం కాగితం ఇస్తేనే వీసా. ఆ నోటుబుక్కు బయటికొస్తే కాగితం రాదు, నర్సు రిజిస్ట్రేషను సుత పోతది. కాల్చెయ్ అక్కా. దేవకృప కేర్‌టేకర్ పిల్ల, ఈ ఇల్లు కాకపోతే ఇంకో ఇల్లు. ఇయ్యాల ఏజెన్సీ కాదంటే రేపు ఎవరో ఒకరు పిలుస్తరు. నా బిడ్డకు ఇంకో బతుకు లేదు. నువ్వు నిజం చెప్పినంత మాత్రాన నీ వేళ్ళు తిరిగి రావు కద.

నేను రాసిన నవంబర్ ఉత్తరం నాకు తిరిగి పంపు.

ఖమర్

—

పద్మారావు నగర్
18 ఫిబ్రవరి 2025

ఖమర్ బీ,

నీ నవంబర్ ఉత్తరం దీంతో పాటు పంపుతున్నాను. నకలు తీసుకోలేదు.

నోటుబుక్కు కాల్చలేదు. నిన్న మళ్ళీ ప్లాస్టిక్ కుర్చీ ఎక్కాను. ఈసారి మోసింది వాచ్‌మనూ, మా రఘునాథూ. "అమ్మా, అయిపోయిందేదో అయిపోయింది, మనకెందుకు" అని మెట్టుమెట్టుకీ అన్నాడు. దింపడం ఆపకుండా అన్నాడు కనుక క్షమించాను.

ఏజెన్సీ ఆఫీసులో సత్యదేవ్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "ఫోన్ చేస్తే మేమే వస్తుంటిమి గద మేడం."

"షీట్లు తీయండి" అన్నాను.

తీశాడు. తొమ్మిది వారాలు, ఇరవై ఏడు సంతకాలు.

"ఇవి మీవే గద?"

"నావే. ఇరవై ఏడూ అబద్ధాలు."

"మేడం, మీకు తబియత్ మంచిగ లేదు..."

"చివరిది చూడండి. జనవరి 24, శుక్రవారం. ఆ రోజు నేను ఆపరేషను బల్ల మీద ఉన్నాను. మత్తులో ఉండి కూడా మీ నర్సు మా ఇంటికొచ్చిందని ఎంత గుండ్రంగా సంతకం పెట్టానో చూడండి."

చూశాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ చూశాడు. అప్పుడు నోటుబుక్కు ఇచ్చాను. డిసెంబర్ 25 దగ్గర వేలు పెట్టి, షీటులో అదే రోజు పక్కన పెట్టుకున్నాడు. "సిస్టర్ కట్టు మార్చింది, వాసన లేదు, పుండు తగ్గుతోంది." నోటుబుక్కులో ఆ రోజు బొమ్మే లేదు. తరువాత ఒక్కొక్క పేజీ తిప్పాడు. పద్దెనిమిది, ఇరవై ఒకటి, ఇరవై ఆరు, ముప్పై మూడు. ప్రతి పేజీలో నా పాదం, దాని పక్కన "సిస్టర్‌కు ఫోటో పంపిన", టైము.

ముందే ఎందుకు తేలేదని అడిగాడు. సిగ్గేసిందన్నాను. మరి ఆ సంతకాలు ఎందుకు పెట్టారన్నాడు. వయసు మీద పడింది, తెలియక పెట్టానన్నాను. ఇది ఇరవై ఎనిమిదో అబద్ధం. నీ కోసం ఆడిన చివరిది.

నీకో లెక్క చెప్పాలి. నిఖత్ నా కాలిని మోసం చేసింది. అది చిన్నపిల్ల, పరీక్ష భయం, ఎలాగో మింగుతాను. నువ్వు నా కాలి జోలికి పోలేదు. ఏ మాట వింటే నేను మెత్తబడతానో వెతికి, పుట్టని బిడ్డని తెచ్చి నా చేతిలో పెట్టావు. నేను దానికి మెడ కూడా కొలిచాను.

వీరరాఘవమ్మ

—

జగిత్యాల
5 మార్చి 2025

స్వెట్టరు తిరిగి పంపుతున్న. ఏజెన్సీ కాగితం ఇయ్యలే. నిఖత్ పరీక్షకు పోలే. ఇంక నాకు రాయకు.

ఖమర్ బీ

—

పద్మారావు నగర్
23 మార్చి 2025

శ్రీమతి ఖమర్ బీ గారికి,

రాయవద్దన్నారు. ఇది జవాబు కోసం కాదు. మీకు రాసిన ఉత్తరాల్లో ఒకచోట తప్పు రాశాను, దిద్దకుండా వదిలేస్తే నిద్ర పట్టడంలేదు.

దేవకృపని మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. మిగతా ఏజెన్సీలకి పంపిన మాట వెనక్కి తీసుకున్నారు. ఇవాళ ఆఫీసు నుంచి నా నోటుబుక్కు తిరిగి ఇవ్వడానికి వచ్చింది. నేను కాఫీ పెట్టించాను. తాగింది.

"రేపట్నుంచి ఎన్నింటికి వస్తావు?" అని అడిగాను.

"నాకు కాప్రాలనే డ్యూటీ పడ్డది అమ్మమ్మా. నడిచి పోత."

"ఇప్పుడు నాకు వేసిన అమ్మాయికి గడి అంటే ఏమిటో తెలియదే."

"నేర్పిస్తరు కద మీరు."

"నువ్వే రారాదుటే? నేను మేనేజరుతో మాట్లాడతాను."

"సార్ అడిగిండు. పద్మారావు నగర్ల ఆ ఒక్క ఇల్లు వద్దని నేనే చెప్పిన."

కోపమా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

"కోపం లేదు. నా కోసం కుర్చీల దిగి పోయిన్రంట కద, సార్ చెప్పిండు. కాని అమ్మమ్మా, ఆసుపత్రిల ఆ దినం సార్ నన్ను అందరి ముందు అంటుంటె మీ కండ్లు తెరిచే ఉండె. నేను మీ దిక్కే చూస్తున్న. మీరు గోడ దిక్కు తిరిగి పండుకున్నరు."

మందుల మత్తులో ఉన్నానని మీకు రాశాను. లేను. అప్పటికి మత్తు దిగి రెండు గంటలైంది. ప్రతి మాటా విన్నాను. నిఖత్ కడుపులో బిడ్డ కోసమని నాకు నేను చెప్పుకుని, గోడకి తిరిగాను. నన్ను మెట్లు దింపిన పిల్ల నా వెనక నిలబడి ఉంది. మీరు నాకు చేసింది నాలుగు పేజీల్లో రాసి మీకు పంపగలిగాను. ఇది మాత్రం ఎవరికి రాసుకోవాలో తెలియక మీకే రాస్తున్నాను, పాత అలవాటు కొద్దీ.

వెళ్ళేముందు దేవకృప సంచీలోంచి ఒక కాగితం తీసింది. నోటుబుక్కు నాకు ముట్టినట్టు రసీదు. నేను అలవాటుగా పెన్ను అందుకున్నాను.

"చదివి పెట్టండి అమ్మమ్మా" అంది, మెల్లిగా.

అంతా రెండు వాక్యాలే. కళ్ళజోడు తెప్పించుకుని చదివాను. నేను చదివేంతసేపూ ఆమె కూర్చోలేదు, సంచీ భుజాన వేసుకుని గుమ్మంలోనే నిలబడింది. తేదీ సరిగ్గా ఉందో లేదో గోడమీద క్యాలెండరుతో పోల్చి చూసుకుని, అప్పుడు సంతకం పెట్టాను.

వీరరాఘవమ్మ